ప్రకటనలకు అడ్డుపడేవారు

వీడియో కంపెనీ వారి సముఖానికి,

నమస్కారాలు. నేను కళ్లజోళ్ల షాపు నడుపుకునేవాణ్ని. మా నాన్న దగ్గర్నుంచీ ఇదే వృత్తి. ఎవరి చూపు ఎంత మసకేసిందో, ఆ మనిషి మా గుమ్మం ఎక్కే తీరు చూసి చెప్పేస్తాను. అలాంటి నాకే మీరు మసక తెప్పించారు. అందుకే ఈ ఉత్తరం.

మేము టీవీకి ఒక కంప్యూటర్ తగిలించి అందులో మీ సినిమాలు చూస్తుంటాం. చందా మా ఆవిడ పేరు మీద ఉంది. చవక రకం, మధ్యమధ్య ప్రకటనలు వచ్చే చందా. ఈమధ్య ఒకరోజు ఉన్నట్టుండి ప్రకటనలు రావడం మానేశాయి. పీడా విరగడైందనుకున్నాను. ఆ మర్నాటి నుంచి బొమ్మ అలుక్కుపోయింది. హీరోయిన్‌కి ముక్కు లేదు. విలన్‌ది మీసమో, పెదవి మీద నీడో తెలియదు. నా కళ్లే పోయాయనుకుని నా అద్దాలు నేనే మార్చుకున్నాను. లాభం లేక మళ్లీ మార్చాను. మూడోసారి మార్చాక టీవీ ఎలా ఉందో అలాగే ఉంది గానీ, షాపు మెట్టు రెండుగా కనిపించి బోర్లా పడ్డాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

నిన్న సినిమా మధ్యలో తెర నల్లగా అయి ఈ అక్షరాలు వచ్చాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీ ఇంట ప్రకటనలకు అడ్డుపడేవారిని గుర్తించాం. వారిని తొలగించేంత వరకు మీ నాణ్యత 480కి పరిమితం చేయబడింది."

అయ్యా, మొదటి సంగతి. నా నాణ్యత తగ్గించడానికి మీరెవరు? ఈ వీధిలో నా నాణ్యత గురించి ఇంతవరకు మా ఆవిడ తప్ప ఎవరూ మాట్లాడలేదు. రెండో సంగతి, ఆ 480. మా వృత్తిలో అంకె ఎంత పెద్దదైతే చూపు అంత అధ్వానం. 480 నంబరు కళ్లవాడికి ఎదురుగా గోడ ఉన్నదీ లేనిదీ తెలియదు. పక్క షాపు టైలర్ని అడిగితే "480 అంటే నాసిరకం, 1080 అంటే మేలురకం" అన్నాడు. అతనికి నేను వెంటనే కంటి పరీక్ష చేశాను.

మూడోది అసలు సంగతి. అడ్డుపడేవారు అన్నారే, వారు మా బావమరిదేనా?

ఎందుకు అడుగుతున్నానంటే, మా ఇంట్లో అడ్డుపడేవాడు ఆయనొక్కడే. మా ఆవిడ తమ్ముడు. నాటకాల కంపెనీలో వేషాలు వేస్తాడు. జీవితమంతా ఒకటే వేషం, ద్వారపాలకుడు. ఈటె పట్టుకుని గుమ్మంలో నిలబడాలి, నోరు విప్పకూడదు. వీధిలో అందరూ ఆయన్ని ద్వారపాలకుడనే పిలుస్తారు. నాటకాలు తగ్గిపోయాక మా ఇంటికొచ్చి ఉంటున్నాడు. ఆ భుజాల వెడల్పు మా బీరువాకి లేదు. కుర్చీ తెచ్చుకుని సరిగ్గా టీవీ ముందు వేసుకుంటాడు. ఆయన అటూ ఇటూ ఊగినప్పుడు మాకు సినిమా ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. బావమరిది బతుకు కోరతాడని సామెత. ఆ సామెత కట్టినవాడి ఇంట్లో టీవీ లేదు.

దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మీవల్ల మూడు జతల అద్దాలు మార్చినవాడు,
కళ్లజోళ్ల షాపు యజమాని

తా.క.: మీ యంత్రం మా బావమరిదిని గుర్తుపట్టిందంటే, మీ వైపు నుంచి బొమ్మ బాగానే కనిపిస్తున్నట్టుంది. మా వైపే ఎందుకీ వివక్ష?

---

గౌరవనీయులైన చందాదారు గారికి,

తమ లేఖ అందినది. తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. తమ ప్రశ్నలకు మా ఆమోదిత సమాధానాలు ఈ క్రింది విధంగా ఉన్నవి.

అడ్డుపడేవారు సాధారణంగా ఖర్చేమీ లేకుండా వచ్చి చేరతారు. చాలా సందర్భాల్లో ఇంట్లోని మరొక సభ్యులు వారిని తెచ్చి పెట్టుకుని ఉంటారు. వారు పైన, కుడివైపు మూలలో ఉంటారు. ఏ పనీ చేయనట్టు కనిపించినా మీ వనరులను వాడుకుంటూనే ఉంటారు. మీరు ఏమేం చూస్తున్నారో వారు గమనిస్తూ ఉండే అవకాశం కలదు.

వారిని తాత్కాలికంగా నిలిపివేయవచ్చు, లేదా శాశ్వతంగా తొలగించవచ్చు. కేవలం నిలిపివేస్తే వారు తిరిగి తమంతట తామే మొదలయ్యే ప్రమాదం ఉన్నందున, శాశ్వత తొలగింపునే మేము సిఫారసు చేస్తాము. తొలగించిన పిమ్మట మీ నాణ్యత యథాస్థితికి వచ్చును.

ఇట్లు,
సదా మీ సేవలో,
అధికారిణి, ఉత్తరాల విభాగం

తా.క.: పై పేరాలు ముందే అచ్చువేసినవి. వాటిలో అక్షరం మార్చే అధికారం నాకు లేదు. తాజా కలం ఒక్కటే నా సొంతం. మా ఆఫీసులో అందరూ ఫోన్లలోనే జవాబులు చెబుతారు. ఉత్తరాలకు లిఫ్టు పక్కన ఒక బల్ల, ఒక ముద్ర, నేను. చాలాకాలానికి నాకు పని దొరికింది, సంతోషం. మీ దస్తూరీ గుండ్రంగా, ఎంత బాగుందో!

---

ఉత్తరాల విభాగం అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంత దూరం నుంచి మా ఇల్లు ఇంత కచ్చితంగా ఎలా చెప్పారమ్మా?

ఖర్చేమీ లేకుండా వచ్చి చేరాడన్నారు. అక్షరాలా నిజం, బస్సు చార్జీ కూడా మా ఆవిడే ఇచ్చింది. ఇంట్లో మరొక సభ్యులు తెచ్చి పెట్టుకున్నారన్నారు. ఆ సభ్యురాలు ఇప్పుడు వంటింట్లో ఉంది, అందుకే చిన్న అక్షరాల్లో రాస్తున్నాను. పైన కుడివైపు మూల గది! మా మేడ మీద కుడివైపు మూల గదే ఆయనది. వనరుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. స్నానానికి వెళ్తే ట్యాంకులో నీళ్లు అడుగంటుతాయి. ఇన్నేళ్లుగా నా మనసులో ఉన్నది మీరు అచ్చువేసి పంచుతున్నారంటే, లోకంలో నాలాంటి బావలు ఎంతమంది ఉన్నారో కదా!

మీరు చెప్పినట్టు ముందు తాత్కాలికంగా నిలిపివేసి చూశాను. "షాపులో దొంగల భయం, నువ్వు గుమ్మంలో నిలబడితే ఎవడూ రాడు" అని సాయంత్రాలు అక్కడికి పంపాను. దొంగలే కాదు, గిరాకీ కూడా రాలేదు. అయినా బొమ్మ మసకగానే ఉంది. మూడోనాటికి ఆయన తనంతట తానే మొదలయ్యాడు, మళ్లీ కుర్చీ టీవీ ముందు. అది కూడా మీరు ముందే చెప్పారు.

ఇక మిగిలింది శాశ్వత తొలగింపు. ఇక్కడే చిక్కు. వాళ్లమ్మ పోయినప్పుడు ఈయన పాకే పిల్లాడు. మా ఆవిడే చంకనేసుకుని పెంచింది. నిన్న ధైర్యం చేసి, "మీ తమ్ముడు కాస్త పక్కకి జరిగితే బొమ్మ కనిపిస్తుందేమో" అన్నాను.

"వాడు పక్కకి జరిగినా మీకు వాడే కనిపిస్తాడు" అంది.

"నేను కాదే, కంపెనీ వాళ్లే అంటున్నారు."

"ఏ కంపెనీ? మా తమ్ముడి గురించి కంపెనీలు కూడా పెట్టారా?"

కాబట్టి తల్లీ, శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు కదా, నా నోటి మాట ఆమెకి చెల్లదు. మా ఆవిడ పేరు మీద, మీ ముద్ర వేసి, ఒక ఉత్తరం పంపించు. అందులో నా పేరు ఎక్కడా రానివ్వకు.

ఇట్లు,
తాత్కాలికంగా ధైర్యవంతుడు,
కళ్లజోళ్ల షాపు యజమాని

తా.క.: ఆయన షాపు గుమ్మం వదిలాక ఒక వింత. వీధి చివర పెద్ద కళ్లజోళ్ల కంపెనీ అద్దాల మేడ కట్టినప్పటి నుంచి నాకు గిరాకీ పడిపోయిందా, ఇప్పుడు కాలేజీ కుర్రాళ్లు గుంపుగా వచ్చి "స్తంభం కళ్లజోడు" కావాలంటున్నారు. ఏమిట్రా అంటే, లావు నల్ల ఫ్రేము, ఇత్తడి మరలది చూపించారు. మా నాన్న కాలంలో తెచ్చి అమ్ముడుపోక అడుగు పెట్టెలో పడేసిన సరుకు! వచ్చినవాడు వచ్చినట్టే నా గుమ్మం కమ్మికి తల కొట్టుకుని, "క్షమించండమ్మా, కనబడలేదు" అని దానికి దణ్ణం పెట్టి నవ్వుతున్నాడు. ఒకడు ఫోన్లో ఏదో చూపించబోయాడు. షాపులో ఫోన్లు చూసే తీరిక లేదని గదమాయించాను. చదువులు పాడైపోయాయమ్మా.

---

గౌరవనీయులైన చందాదారు గారికి,

తమ రెండవ లేఖ అందినది. ఖాతా తమ భార్య గారి పేరున ఉన్నందున తొలగింపుకు వారి సమ్మతి అవసరమన్న తమ అభిప్రాయం సరియైనదే. వారి పేరున సమ్మతి పత్రం, ముద్రతో, జతపరచడమైనది.

తొలగించే సమయంలో "మీరు నిశ్చయంగా తొలగించదలచారా?" అని అడగబడును. "అవును" అనవలెను. పిమ్మట "ఎందుకు తొలగిస్తున్నారు?" అని అడగబడును. కారణం చెప్పడం తప్పనిసరి కాదు.

ఇట్లు,
సదా మీ సేవలో,
అధికారిణి, ఉత్తరాల విభాగం

తా.క.: మీ ఉత్తరం చదివితే నాకు భలే నవ్వొచ్చింది. అడ్డుపడేవారిని అచ్చం మనిషిలాగే వర్ణించారు, భుజాలూ స్నానాలూ సహా! మా మేనేజరుకు కూడా చదివి వినిపించాను. "ఈయన రచయిత అయ్యుంటారు" అన్నారు. మీ హాస్యానికి జోహార్లు.

---

అమ్మాయీ,

హాస్యమా? కొంప మునిగింది.

నీ సమ్మతి పత్రం వచ్చేసరికి నేను షాపులో ఉన్నాను. మా ఆవిడ కళ్లజోడు విరిగి చాలా రోజులైంది. రేపు బాగుచేస్తానని నేను రోజూ చెబుతున్నాను. అందుకని ఉత్తరం తమ్ముడి చేతికిచ్చి చదవమందట. నేను ఇంటికొచ్చేసరికి ఆయన హాలు మధ్య నిలబడి, రాజాజ్ఞ చదువుతున్నట్టు చదువుతున్నాడు. "ఖాతాదారులైన శ్రీమతి గారికి. మీ ఇంట ప్రకటనలకు అడ్డుపడేవారు ఉన్నట్టు రూఢి అయినది. మీ సమ్మతితో వారిని వెంటనే తొలగించవలసి..."

అక్కడ ఆగిపోయాడు. చేతిలోంచి కాగితం జారిపడింది. ఈటె పట్టుకుని గంటలకొద్దీ కదలకుండా నిలబడిన చెయ్యమ్మా అది.

"అక్కా, వీళ్లకి తెలిసిపోయింది" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "బావా, నీకు కూడా తెలుసా?" అన్నాడు.

ఇంతకాలం అడ్డుపడుతున్నానని ఆయనే ఒప్పుకుంటున్నాడు కదా అనుకుని, "ఎప్పట్నుంచో తెలుసు" అన్నాను. ఆ మాటకి మనిషి చిన్నబోయాడు. నాకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు.

మా ఆవిడ నన్ను అడిగింది, "ఇది మీరు రాయించారా?"

"నేను అడిగాను, వాళ్లు రాశారు" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ జవాబు ఇంకొకటి ఉంటే చెప్పు, నేర్చుకుంటాను.

ఆయన మేడ మీదికెళ్లి రేకు పెట్టె తెచ్చుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, "ఒక్క నిమిషం బావా, నా పని ఒకటి మిగిలిపోయింది" అని వెనక్కొచ్చి, ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు ఏదో నొక్కాడు. పాపం, దానికి వీడ్కోలు చెబుతున్నాడనుకున్నాను. తర్వాత అక్క కాళ్లకి మొక్కి, నా చెయ్యి పట్టుకుని వదిలేసి, వెళ్లిపోయాడు. ఉండమని నేను ఒక్క మాట అనలేదు.

ఆయన వీధి మలుపు తిరిగీ తిరగకముందే బొమ్మ తేటపడిందమ్మా! హీరోయిన్‌కి ముక్కు వచ్చింది, ముక్కుకి ముక్కెర వచ్చింది. మీ యంత్రం అబద్ధం చెప్పదని రుజువైంది. కానీ చూసేదెవరు? మా ఆవిడ టీవీ కట్టేసి, తన కుర్చీ గోడవైపు తిప్పుకుంది. నాతో మాటల్లేవు. అన్నీ గోడతోనే. "గోడా, టీ పెట్టాను, చల్లారకముందే తాగమను." "గోడా, ఆయన వెతికే తువ్వాలు ఆయన భుజం మీదే ఉందని చెప్పు." గోడకి చెప్పినట్టు చెప్పడం అంటే ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను. మా ఇంట్లో గోడ వింటోంది, నాకే వినబడనట్టు నటించాల్సి వస్తోంది. ఇవాళ పొద్దున ఆమె ఆయన కుర్చీ తుడిచి, ఉన్నచోటే మళ్లీ పెట్టింది. టీవీకి ఎదురుగా. ఖాళీ కుర్చీ కూడా అడ్డే అని నాకు ఇవాళ తెలిసింది.

నాకు పూర్తి నాణ్యత వద్దు తల్లీ. తొలగించినవారిని తిరిగి చేర్చుకునే పద్ధతి ఏదైనా ఉంటే వెంటనే రాయి. దానికి ఎవరి సమ్మతి కావాలో కూడా రాయి. గోడ సమ్మతి అయితే నేను తేగలను.

ఇట్లు,
తేటగా కనిపిస్తున్నా ఏదీ చూడలేకపోతున్నవాడు,
కళ్లజోళ్ల షాపు యజమాని

తా.క.: స్తంభం కళ్లజోళ్లు అడుగు పెట్టెలోవి అయిపోయాయి, అటక మీది పెట్టె దించాను. ఇదివరకైతే అటక మీదివి ఆయనే దించేవాడు, స్టూలు అక్కర్లేకుండా.

---

బాబాయి గారికి,

నమస్కారాలు. అచ్చువేసిన పేరాలు పక్కన పెట్టేశాను. ఏమైనా కానివ్వండి.

మీరు రాసేది హాస్యం కాదని ఇప్పుడు తెలిసింది. తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. బాబాయి గారూ, అడ్డుపడేవారంటే మనిషి కాదు! కంప్యూటర్లో పెట్టుకునే చిన్న సరంజామా. అది ఉంటే ప్రకటనలు రావు. ప్రకటనలు రాకపోతే మా కంపెనీకి కడుపుమంట. అందుకని కసికొద్దీ బొమ్మ మసకేయిస్తారు. మసక బొమ్మకి గుర్తు 480, తేట బొమ్మకి గుర్తు 1080. అది పైన కుడిమూల ఉంటుందన్నది మీ మేడ సంగతి కాదు, తెర సంగతి. ఇంతే. ఇందులో ఎవరి భుజాలకూ సంబంధం లేదు.

మరి "వారు" అని ఎందుకు రాశామంటారా? ఆ మాటలు తెలుగు చేసింది నేనే. "అడ్డుపడేది" అని రాశాను మొదట. మేనేజరు గారు చూసి, "చందాదారుల ఇంట్లో ఉన్నదాన్ని అది ఇది అంటామా? మర్యాదగా రాయి" అన్నారు. మర్యాద కోసం 'వారు' తగిలించాను. ఆ మర్యాదే మీ ఇంట్లో మనిషై కూర్చుంది. ఇప్పుడు ఒక మనిషిని లేపి పంపించింది కూడా.

ద్వారపాలకుడు గారు ఎక్కడున్నా వెళ్లి తీసుకురండి. తప్పు నాదని చెప్పండి, కావాలంటే ఈ ఉత్తరం చూపించండి. పిన్నిగారికి గోడ ద్వారా నా క్షమాపణలు అందజేయండి. తెర మీద ఆ మాట మార్చమని ఇవాళే పై వాళ్లకి రాశాను.

ఇట్లు,
సిగ్గుతో,
మీ ఉత్తరాల అమ్మాయి

తా.క.: ఒక్క సందేహం మాత్రం మిగిలిపోయింది. ఆయన వెళ్లగానే బొమ్మ తేటపడిందంటే, వెళ్లేముందు ఎవరో ఆ సరంజామా తీసేసి ఉండాలి. మీకు చేతకాదు, పిన్నిగారికి చేతకాదు. మరి దాన్ని పెట్టిందెవరు, తీసిందెవరు? ప్రకటనలు కనిపించకుండా ఉండాల్సిన అవసరం మీ ఇంట్లో ఎవరికి ఉంది? ఒకసారి టీవీ పెట్టి ప్రకటనలు చూడండి.

---

చిరంజీవి ఉత్తరాల అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. పిన్ని కూడా ఆశీస్సులు చెప్పమంది. గోడ ద్వారా కాదు, నోటితోనే. ఎలాగో విను.

నీ ఉత్తరం పట్టుకెళ్లి గోడకి చదివి వినిపించాను. సగం అయ్యేసరికి కుర్చీ ఇటు తిరిగింది. "ముందు ఆ టీవీ పెట్టండి" అంది మా ఆవిడ. బాగుచేసిన కళ్లజోడు నేను ఆ పొద్దునే ఆమె ముందు పెట్టాను, అది తగిలించుకుంది. సినిమా మొదలైంది. పాట మధ్యలో ఆగి ప్రకటన వచ్చింది. వీధి చివరి అద్దాల మేడ వాళ్లది!

ఒక పెద్ద హాలు. ఒక భారీ మనిషి లావు నల్ల కళ్లజోడు పెట్టుకుని నడిచొస్తున్నాడు. ఎదురుగా పాలరాతి స్తంభం. నేరుగా వెళ్లి దానికి ఢీకొన్నాడు. కళ్లజోడు సర్దుకుని, ఆ స్తంభానికి వినయంగా వంగి దణ్ణం పెట్టి, "క్షమించండమ్మా, కనబడలేదు" అన్నాడు. తర్వాత ఎవరో అమ్మాయి వచ్చి ఆ కళ్లజోడు తీసేసి, వాళ్ల కళ్లజోడు పెట్టింది. మనిషి వెలిగిపోయాడు.

పూర్తి నాణ్యతలో చూశానమ్మా. ఆ భుజాలు మా బావమరిదివి. ఆ నల్ల కళ్లజోడు, ఆయన మా ఇంటికొచ్చిన కొత్తలో అడుగు పెట్టెలోంచి తీసి నేను నా చేత్తో మరలు బిగించి ఇచ్చింది.

నా ఒళ్లు మండిపోయింది. నా ఇంట్లో ఉండి, నా కళ్లజోడు పెట్టుకెళ్లి, నా పొట్ట కొట్టేవాడి కోసం స్తంభానికి గుద్దుకుంటాడా? అప్పుడు తెలిసింది, ప్రకటనలు ఎందుకు మానేశాయో, "నీకు కూడా తెలుసా" అని ఎందుకు అడిగాడో. నేను చూడకూడదని ఆ సరంజామా పెట్టాడు. తెలిసిపోయిందనుకుని తీసేసి వెళ్లాడు. తిట్టడానికి మా ఆవిడవైపు తిరిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

"ఏవండీ," అంది, "వాడు మాట్లాడాడండీ."

అప్పుడు నాకు వెలిగింది. ఇన్నేళ్ల నాటకాల్లో ఆయనకి ఒక్క మాట ఇచ్చినవాడు లేడు. రాజులు వచ్చిపోయారు, మంత్రులు వచ్చిపోయారు, ఈయన గుమ్మంలో నిలబడి విన్నాడు. నోరు విప్పిన మొదటి వేషం ఇది. అది కూడా నా కోసం సొంత అక్కకి చూపించుకోకుండా దాచుకున్నాడు.

షాపు కట్టేసి నాటకాల కంపెనీ షెడ్డుకి వెళ్లాను. అట్ట కిరీటాలు, రంగు పోయిన సింహాసనాల మధ్య పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అంతమంది రాజుల కుర్చీలు ఖాళీగా ఉన్నా ఒక్కదానిమీదా కూర్చోలేదు. నన్ను చూసి అలవాటుకొద్దీ లేచి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"బావా, వేషం ఉందన్నారు, నీ కళ్లజోడు నువ్వే తెచ్చుకో అన్నారు. అది ఏ షాపు వాళ్లదో అక్కడికి వెళ్లేదాకా నాకు తెలియదు. తెలిశాక వచ్చేద్దామనుకున్నాను. కానీ డైలాగు ఇచ్చారు బావా. నాకు కాళ్లు కదల్లేదు" అన్నాడు.

దారిపొడుగునా నేను చాలా మాటలు కూడబెట్టుకున్నాను తల్లీ. తిట్లు కొన్ని, క్షమాపణలు కొన్ని. ఆయన్ని చూడగానే ఒక్కటీ గుర్తు రాలేదు. రెండు చేతులూ జోడించి, వంగి,

"క్షమించవయ్యా, కనబడలేదు" అన్నాను.

ముందు ఆయన నవ్వాడు. తర్వాత ఇద్దరం ఏడ్చాం. గుమ్మం ఎక్కే తీరు చూసి ప్రతివాడి చూపూ చెప్పేవాణ్ని, ఇంట్లో ఉన్న మనిషిని చూడలేదు. తర్వాత పెట్టె ఒక చెయ్యి ఆయన, ఒక చెయ్యి నేను పట్టుకుని ఇంటికి వచ్చాం. దారిలో కాలేజీ కుర్రాళ్లు ఆయన్ని గుర్తుపట్టి స్తంభం, స్తంభం అని కేకలేశారు. ఈయన ఒక్కొక్కరి ముందూ ఆగి డైలాగు చెప్పాడు. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

స్తంభం కళ్లజోళ్ల రహస్యం కూడా తేలిపోయింది. ప్రకటన చూసినవాళ్లకి ఆ మేడ వాళ్ల కొత్త కళ్లజోడు కాదు, గుద్దుకున్న కళ్లజోడే నచ్చిందట! మేడకి వెళ్లి అడిగితే వాళ్లు లేదు పొమ్మన్నారట. పాత షాపు కదా అని నా దగ్గరికి వస్తున్నారు. మా నాన్న అమ్మలేని సరుకు మా బావమరిది స్తంభానికి గుద్దుకుని అమ్మిపెట్టాడు. బావమరిది బతుకు కోరతాడన్న సామెత మీద నా మొదటి ఉత్తరంలో వెటకారమాడాను. దయచేసి ఆ వాక్యం కొట్టివేయగలవు.

నువ్వొక పొరపాటు చేశావు, అది మాత్రం చెప్పాలి. అడ్డుపడేవారంటే మనిషి కాదన్నావు. మీ యంత్రం మొదటినుంచీ సరిగ్గానే చెప్పింది తల్లీ. మా ఇంట ప్రకటనలకు అడ్డుపడింది మనిషే, మేడ మీద కుడివైపు మూల గదిలో మనిషే. తెర మీద ఆ 'వారు' మార్చమని పై వాళ్లకి రాశానన్నావు, వద్దని మళ్లీ రాయి. మర్యాద ఎక్కడా దండగ పోదు.

ఇప్పుడు నా కొత్త ఫిర్యాదు. మా ఇంట్లో అందరం ఆ ప్రకటన కోసం టీవీ ముందు కూర్చుంటున్నాం. వీధిలోవాళ్లు కూడా వస్తున్నారు. అది ఒక్క క్షణం వచ్చి పోతుంది, తర్వాత ఎడతెరిపి లేకుండా మీ సినిమా. ఆ సినిమాలు రాకుండా అడ్డుపడేవారు ఎవరైనా ఉంటే వెంటనే పంపగలవు. గది ఖాళీ లేదు గానీ, సర్దుకుంటాం.

ఇట్లు,
మూడు జతల అద్దాలు తీసేసి పాత జతే పెట్టుకున్న,
నీ కళ్లజోళ్ల బాబాయి

తా.క.: నాణ్యత సంగతి రాయడం మరిచాను. మీరు 1080 పంపుతున్నారు. ఆయన కుర్చీ మళ్లీ టీవీ ముందుకే వచ్చింది. తన ప్రకటన తనే మరీ దగ్గర్నుంచి చూస్తాడు. కాబట్టి ఆయన భుజాలు దాటి మాకు చేరేది సగమే. పోనీలే అమ్మా, ఆ సగమే చాలు.